అమ్మకు పర్మినెంటు ఉత్తర్వు వచ్చింది. కాంట్రాక్టరు కింద చేసిన పాత సర్వీసు సంగతేమిటి?

ప్రశ్న
రాసినవారు: శ్రీరాంపుర వాసి

నమస్కారం. మాది మడకశిర దగ్గర పల్లె. అమ్మానాన్నలు నా చిన్నప్పుడే బెంగళూరు చేరి శ్రీరాంపురలో స్థిరపడ్డారు. నేను అమ్మమ్మ దగ్గర ఉండి సాంఘిక సంక్షేమ హాస్టల్లో తెలుగు మాధ్యమంలో చదువుకున్నాను. మా వీధిలో వీధులు ఊడ్చే పనిచేసేవాళ్లలో ఎక్కువమంది అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లే, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే కాబట్టి, ఇక్కడ వచ్చే సమాధానం నా ఒక్కదానికే కాక వాళ్లకు కూడా చదివి వినిపించవచ్చునని అడుగుతున్నాను.

అమ్మ ఇరవై ఏళ్లకు పైగా పౌరకార్మికురాలిగా పనిచేస్తోంది. మొదట కాంట్రాక్టర్ల కింద చేసింది. కాంట్రాక్టరు మారినా మేస్త్రీ మారలేదు, ఊడ్చే వీధులు మారలేదు, మస్టరు (హాజరు) వేసే చోటు కూడా మారలేదు. జీతం ఇచ్చే చెయ్యి మాత్రం మారుతూ వచ్చింది. 2018లో కాంట్రాక్టర్లను తొలగించి నగరపాలక సంస్థే నేరుగా బ్యాంకు ఖాతాలో జీతం వేయడం మొదలుపెట్టింది. 2022 జూలైలో జరిగిన సమ్మె తర్వాత పర్మినెంటు చేసే నిర్ణయాలు కదిలాయి. 2025 మే 1న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చేతుల మీదుగా 12,692 మందికి నియామక ఉత్తర్వులు ఇచ్చినప్పుడు అందులో అమ్మ పేరు కూడా ఉంది. ఆ రోజు మా ఇంట్లో కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేనిది.

అయితే ఆ ఉత్తర్వులో అమ్మ సర్వీసు కొత్తగా మొదలైనట్టే ఉంది. అమ్మకు ఇప్పుడు యాభై నాలుగు నడుస్తున్నాయి. అరవైకి విరమణ అంటే పర్మినెంటు సర్వీసు ఐదారేళ్లకు మించదు. అంతకు ముందు చేసిన పని ఏ లెక్కలోకి వస్తుంది? కాంట్రాక్టర్ల కాలంలో పీఎఫ్ (భవిష్య నిధి) పేరుతో జీతంలో కోత వేశారని అమ్మ చెబుతుంది కానీ, ఇప్పుడు పాస్‌బుక్కులో 2018 తర్వాత జమ అయిన సొమ్ము మాత్రమే కనిపిస్తోంది. ఇక ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) విషయం. దుమ్ము వల్ల అమ్మకు ఆయాసం ఉంది, ఇందిరానగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రిలో మందులు తీసుకుంటోంది. జీతం 21,000 దాటితే ఈఎస్‌ఐ ఉండదంటున్నారు. అది ఎప్పటి నుంచి ఆగుతుంది?

మరొక సంగతి. మా పిన్ని ఇంటింటికీ తిరిగే ఆటో టిప్పర్ మీద హెల్పరుగా ఉంది. ఆమె ఈ జాబితాలో లేదు, ఇప్పటికీ కాంట్రాక్టరు మనిషే. వానాకాలంలో చేతులకు తొడుగులు లేకుండా తడి చెత్త విడదీస్తుంది. పొద్దున మొదలైన పని ముగిసేదాకా వెళ్లడానికి మరుగుదొడ్డి లేక నీళ్లు తాగడమే మానేసింది. ఆమె ఎవరిని అడగాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.


సమాధానం
రాసినవారు: విశ్రాంత లెక్కల గుమాస్తా

అమ్మా, నేను ఒక నగరపాలక సంస్థ లెక్కల విభాగంలో పనిచేసి విరమించినవాడిని. చట్టం సంగతి చెప్పేవారు వేరే ఉంటారు. కాగితాలు ఎక్కడ ఉంటాయో మాత్రం నేను చెప్పగలను. మీ అమ్మగారి సమస్య సగం అక్కడే ఉంది.

చెత్త కాంట్రాక్టరు ప్రతి నెలా బిల్లు పెట్టేటప్పుడు దానికి మస్టరు రోల్ నకలు, జీతాలు చెల్లించిన పట్టీ, పీఎఫ్, ఈఎస్‌ఐ చలానాలు జతచేయాలి. ఆ చలానాలు లేకుండా బిల్లు మంజూరు చేయకూడదు. అందువల్ల కాంట్రాక్టరు ఈ రోజు ఊళ్లో లేకపోయినా, అతని కంపెనీయే మూతపడినా, అతను ఫలానా నెలలో ఫలానా మనుషుల పేరిట డబ్బు కట్టానని చూపిన కాగితం బిల్లు ఫైలులో ఉండి తీరాలి. 2012 నుంచి ఈ చలానాతో పాటు మనిషి మనిషికీ ఎంత జమ అయిందో చూపే ఈసీఆర్ పట్టిక కూడా ఉంటుంది. అంతకు ముందు కాలానికైతే ఏడాదికొకసారి ఇచ్చే 3ఏ, 6ఏ ఫారాలు వెతకాలి. ప్రతి పీఎఫ్ సభ్యునికీ ఇచ్చే యూఏఎన్ అనే పన్నెండంకెల సంఖ్య 2014 చివర్లో మొదలైంది కాబట్టి, అంతకు ముందు ప్రతి కాంట్రాక్టరు దగ్గరా అమ్మగారికి వేరువేరు పీఎఫ్ నంబరు ఇచ్చి ఉంటారు. ఆ నంబర్లు యూఏఎన్‌కు కలపకపోతే పాస్‌బుక్కులో కనిపించవు. కనిపించనంత మాత్రాన డబ్బు కట్టలేదని అనుకోనవసరం లేదు, కట్టారనీ అనుకోలేము. ఫైలు చూడాలి.

ఇందుకు సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. రుసుము 10 రూపాయలు, సమాధానానికి గడువు 30 రోజులు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు కార్డు ఉంటే రుసుము కూడా ఉండదు. అర్జీలో "నా సర్వీసు వివరాలు ఇవ్వండి" అని రాస్తే "వివరాలు లభ్యం కావు" అని ఒక్క వాక్యంలో తిప్పి పంపుతారు. అలా కాకుండా, ఫలానా వార్డు, ఫలానా ఆర్థిక సంవత్సరం, చెత్త సేకరణ కాంట్రాక్టు బిల్లులతో జతచేసిన మస్టరు రోల్, పీఎఫ్ చలానా, ఈసీఆర్ నకళ్లు అని ఒక్కొక్క కాగితం పేరూ రాసి అడగండి. సంవత్సరానికొక అర్జీ పెట్టడం మేలు.

ఈ పని వెంటనే చేయమని చెప్పడానికి కారణం ఉంది. 2007లో చుట్టుపక్కల ఏడు నగరసభలను, ఒక పురసభను, 110 పల్లెలను కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికెను ఏర్పరిచినప్పుడు ఎన్ని పాత ఫైళ్లు చేతులు మారాయో నాకు తెలుసు. ఇప్పుడు 2025 సెప్టెంబరు 2 నుంచి ఆ పాలికె లేదు. దాని స్థానంలో గ్రేటర్ బెంగళూరు ప్రాధికారం కింద ఐదు నగరపాలక సంస్థలు వచ్చాయి. వార్డుల సరిహద్దులు మారాయి, గదులు మారాయి, బీరువాలు మారాయి. మీ అమ్మగారి పాత వార్డు ఒక సంస్థలో ఉండి, ఆమె ఇప్పుడు పనిచేసే చోటు మరొక సంస్థలో ఉంటే ఫైలు మా దగ్గర లేదంటే మా దగ్గర లేదని ఇద్దరూ అంటారు. అర్జీని రెండు చోట్లా పెట్టండి. ఒక కార్యాలయానికి చేరిన అర్జీ మరొకరికి సంబంధించినదైతే, దానిని 5 రోజుల్లో వారికి బదిలీ చేయవలసిన బాధ్యత చట్టప్రకారం ఆ కార్యాలయానిదే.


సమాధానం
రాసినవారు: చెన్నపట్నం తెలుగువాడు

మాది చెన్నైలో పారిశుధ్య కార్మికుల కుటుంబమే. మా తాతల తరంలో నెల్లూరు వైపు నుంచి వచ్చాము. మీకు దొరికిన ఉత్తర్వు ఎంత విలువైనదో ఇక్కడి సంగతి చూస్తే తెలుస్తుంది.

2025 ఆగస్టు 1 నుంచి రాయపురం, తిరు.వి.క.నగర్ మండలాల కార్మికులు చెన్నై కార్పొరేషన్ ప్రధాన కార్యాలయమైన రిపన్ బిల్డింగు ముందు కాలిబాట మీద కూర్చున్నారు. వాళ్లంతా జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద కార్పొరేషన్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవారు. ఆ రెండు మండలాల పనిని ప్రైవేటు సంస్థకు అప్పగించడంతో, నెలకు సుమారు 22,500 రూపాయలు వచ్చే చోట 17,000 లోపు జీతానికి ఆ సంస్థలో కొత్తగా చేరమన్నారు. హైకోర్టు ఉత్తర్వు మీద ఆగస్టు 13 అర్ధరాత్రి పోలీసులు వాళ్లను అక్కడి నుంచి తరలించారు. మరునాడు మంత్రివర్గం ఉచిత అల్పాహారం వంటి సంక్షేమ పథకాలు ప్రకటించింది. అల్పాహారం వద్దనేవారు ఎవరూ లేరు. కానీ వాళ్లు అక్కడ కూర్చున్నది తమ యజమాని ఎవరో తేల్చమని. ఆ ప్రశ్నకు టిఫిను సమాధానం కాలేదు.

జీతం తగ్గడం పైకి కనిపించే నష్టం. చేసిన సర్వీసు తెగిపోవడం కనిపించని నష్టం. కొత్త సంస్థలో చేరిన రోజు నుంచి మళ్లీ ఒకటో సంవత్సరం. అందుకే పైన పెద్దాయన చెప్పినట్టు కాగితాలు కూడబెట్టుకోమని నేనూ చెబుతాను. మా వీధిలో అయితే పాత గుర్తింపు కార్డులు, యూనిఫాం ఇచ్చినప్పుడు సంతకం పెట్టిన చీటీలు, టీకా వేసిన కార్డుల వరకు దాచుకున్నవాళ్లు ఉన్నారు.


సమాధానం
రాసినవారు: కార్మిక న్యాయవాది, బెంగళూరు

నేను ఇక్కడ కార్మిక న్యాయస్థానాల్లో కార్మికుల పక్షాన వాదిస్తుంటాను. శ్రీరాంపుర వాసి గారు అడిగినవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆమె నేరుగా అడగలేదు, కాబట్టి దానితో మొదలుపెడతాను.

పీఎఫ్ కోతలో ఒక భాగం ఉద్యోగుల పింఛను పథకానికి వెళుతుంది. ఆ పథకంలో నెలనెలా పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. తొమ్మిదేళ్ల ఆరు నెలలు దాటితే పదేళ్లుగా లెక్కిస్తారు. మీ అమ్మగారికి 2018 నుంచి 2025 దాకా ఏడేళ్ల పైచిలుకు సర్వీసు పాస్‌బుక్కులో కనిపిస్తోంది. అంటే ఆమెకు జీవితాంతం పింఛను వస్తుందా, లేక కొద్దిపాటి మొత్తం చేతిలో పెట్టి పంపించేస్తారా అన్నది కాంట్రాక్టరు కాలపు రెండు మూడేళ్ల మీద ఆధారపడి ఉంది. వేతన పరిమితి 15,000, సర్వీసు పదేళ్లు అనుకుంటే, సూత్రం ప్రకారం 15,000ను 10తో హెచ్చించి 70తో భాగిస్తే నెలకు సుమారు 2,140 రూపాయలు వస్తుంది. పాత సర్వీసు ఇంకా రుజువైతే ఆ మేరకు పెరుగుతుంది. ఆమె తర్వాత భర్తకు కూడా కుటుంబ పింఛను ఉంటుంది. ఇది పెద్ద మొత్తమని నేను అనను. అరవై దాటిన మనిషి మందులకు కూతురి ముందు చెయ్యి చాచనవసరం లేకుండా చేసేంత మొత్తం మాత్రం అవుతుంది.

కాంట్రాక్టరు జీతంలో కోసి, కార్యాలయంలో కట్టకపోయి ఉంటే ఏమిటన్నది తర్వాతి ప్రశ్న. కట్టినవే కాక కట్టవలసి ఉన్న చందాలను కూడా సర్వీసు లెక్కలో చేర్చాలని పింఛను పథకమే చెబుతోంది. కాబట్టి యజమాని ఎగవేసినంత మాత్రాన కార్మికుని హక్కు పోదు. భవిష్య నిధి అధికారులు విచారణ జరిపి బకాయి తేల్చాలని అర్జీ పెట్టవచ్చు. రిచ్‌మండ్ సర్కిల్ దగ్గర రాజా రామ్‌మోహన్ రాయ్ రోడ్డులో ఉన్న భవిష్య నిధి భవన్‌లో అడిగితే మీ కేసు ఏ ప్రాంతీయ కార్యాలయం కిందికి వస్తుందో చెబుతారు. ప్రతి నెలా 27వ తేదీన "నిధి ఆప్కే నికట్" పేరుతో ఫిర్యాదులు వింటారు; ఆ రోజు అమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్లండి. అదే వార్డులో అదే కాంట్రాక్టరు కింద పనిచేసినవాళ్లు పదిమంది కలిసి ఒకే అర్జీ పెడితే దాని బరువు వేరుగా ఉంటుంది, పైగా ఒకరికొకరు సాక్షులవుతారు.

గ్రాట్యుటీ, అంటే విరమించేటప్పుడు సర్వీసును బట్టి ఒకేసారి ఇచ్చే మొత్తం, గురించి ఒక తీర్పు గుర్తుపెట్టుకోండి. 2018లో సుప్రీంకోర్టు నేత్రామ్ సాహూ కేసులో, ఇరవై రెండేళ్లు రోజుకూలీగా పనిచేసి, తర్వాత పర్మినెంటై మూడేళ్లకే విరమించిన ఉద్యోగికి మొత్తం ఇరవై ఐదేళ్లకూ గ్రాట్యుటీ చెల్లించాలని చెప్పింది. అక్కడ అతను మొదటి నుంచీ ప్రభుత్వ శాఖలోనే నేరుగా పనిచేశాడు. మీ అమ్మగారి విషయంలో 2018 నుంచి అదే పరిస్థితి కాబట్టి ఆ ఏడేళ్లు కలిపి లెక్కించాలని గట్టిగా అడగవచ్చు. కాంట్రాక్టరు కాలానికి మాత్రం ఈ తీర్పు నేరుగా వర్తించదు. అక్కడ కాంట్రాక్టు పేరుకే తప్ప నిజమైన యజమాని నగరపాలక సంస్థేనని రుజువు చేయాలి. అది కష్టమే కానీ అసాధ్యం కాదు. మేస్త్రీ మారలేదు, వీధులు మారలేదు, మస్టరు చోటు మారలేదని మీరు రాసిన ఆ వాక్యమే ఇలాంటి కేసులో మేము న్యాయస్థానం ముందు పెట్టే వాదన. గ్రాట్యుటీ డబ్బు విరమణ రోజునే వస్తుంది కాబట్టి ఇప్పుడు డబ్బు అడగకండి. 2018 నుంచి చేసిన సేవను సర్వీసు రిజిస్టరులో నమోదు చేయమని ఇప్పుడే రాతపూర్వకంగా అడిగి, అర్జీ అందినట్టు ముద్ర వేయించుకోండి. విరమణ నాటికి ఈ అధికారులు ఎవరూ అక్కడ ఉండరు.

సర్వీసు రిజిస్టరు తెరిచినప్పుడే పుట్టిన తేదీ కూడా సరిచూసుకోవాలి. చదువుకోనివాళ్లకు ఆధార్‌లో జనవరి 1 అని వేసి, చూపు అంచనాతో సంవత్సరం రాసినవి చాలా ఉన్నాయి. ఒక్క ఏడాది తేడా వచ్చినా పన్నెండు జీతాలు పోతాయి. వయసు నిర్ధారణకు ఆధార్ తగిన రుజువు కాదని 2024 అక్టోబరులో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బడి రికార్డుకే ప్రాధాన్యం ఇచ్చింది. అమ్మగారు ఊళ్లో ఒకటో తరగతి అయినా చదివి ఉంటే, ఆ బడి అడ్మిషన్ రిజిస్టరు నకలు తెప్పించండి.

ఈఎస్‌ఐకి జవాబు సులభం. చందా కాలం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని రెండుగా ఉంటుంది. కాలం మధ్యలో జీతం 21,000 దాటినా ఆ కాలం ముగిసేదాకా సభ్యత్వం కొనసాగుతుంది, తర్వాత దానికి సంబంధించిన ప్రయోజన కాలం, అంటే కట్టిన చందాకు ప్రయోజనాలు పొందే గడువు, ఉంటుంది. ఆ గడువు పూర్తి కాకముందే ఆసుపత్రి నుంచి పాత చికిత్స రికార్డులన్నీ తీసుకోండి. ఆయాసం ఈ పనిలోనే వచ్చిందని తర్వాత ఎప్పుడైనా చెప్పవలసి వస్తే ఆ రికార్డులు తప్ప వేరే ఆధారం ఉండదు.


అదనపు ప్రశ్న
రాసినవారు: శ్రీరాంపుర వాసి

అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలు నిన్న రాత్రి మా వరండాలో చదివి వినిపించాను. పక్కింటివాళ్లు కూడా పాత కాంట్రాక్టరు ఇచ్చిన కార్డులు వెతికి తెచ్చారు. లాయరు గారిని రెండు విషయాలు అడగాలి. మా వీధి చివర సైబర్ సెంటరు నడిపే అతను, పర్మినెంటు అయ్యారు కాబట్టి పాత పీఎఫ్ మొత్తం తీసేసుకోవచ్చునని, ఆన్‌లైన్‌లో తానే అర్జీ పెడతానని చెప్పి, వచ్చిన దానిలో కొంత శాతం అడుగుతున్నాడు. ఇద్దరు ముగ్గురు ఇప్పటికే ఒప్పుకున్నారు. ఇది మంచిదేనా? పిన్ని సంగతి కూడా దయచేసి చెప్పండి.


సమాధానం
రాసినవారు: కార్మిక న్యాయవాది, బెంగళూరు

ఒప్పుకున్నవాళ్లను ఈ రోజే ఆపండి, వీలైతే మీరే వెళ్లి చెప్పండి. పీఎఫ్ సొమ్ము తీసుకునేది 19వ ఫారం, అది వేరు. పింఛను భాగానికి సంబంధించినది 10సీ ఫారం. పదేళ్లు నిండనివారు 10సీలో డబ్బు వాపసు కోరితే ఆ సర్వీసు అక్కడితో రద్దయిపోతుంది, తర్వాత పాత కాంట్రాక్టరు కాలం రుజువైనా దేనితో కలపాలో తెలియని పరిస్థితి వస్తుంది. అదే 10సీ ఫారంలో డబ్బుకు బదులు స్కీం సర్టిఫికెట్ కోరవచ్చు. అది తీసుకుంటే సర్వీసు భద్రంగా ఉంటుంది. పదేళ్లు తేలిన తర్వాత 58 ఏళ్లకు పింఛను కోరవచ్చు. శాతం అడిగే మధ్యవర్తికి డబ్బు వాపసులోనే లాభం, సర్టిఫికెట్‌లో లేదు. కాబట్టి ముందు పాత పీఎఫ్ నంబర్లను ప్రస్తుత యూఏఎన్‌కు బదిలీ చేయించండి, కాంట్రాక్టరు కాలం తేలేదాకా 10సీ జోలికి వెళ్లనివ్వకండి. ఈ అర్జీలన్నీ ఉచితం, కార్యాలయంలో ఎవరికీ ఏమీ చెల్లించనవసరం లేదు.

మీ పిన్నిగారి విషయంలో చట్టం ఆమెను కాంట్రాక్టరు దయకు వదిలేయలేదు. కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే పని చేయించుకుంటున్న ప్రధాన యజమాని చెల్లించి, కాంట్రాక్టరు బిల్లులో పట్టుకోవాలన్నది 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం నియమం. తాగునీరు, మరుగుదొడ్డి, విశ్రాంతి చోటు, ప్రథమ చికిత్స కాంట్రాక్టరు కల్పించకపోతే అవి కూడా ప్రధాన యజమాని బాధ్యతే. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చినా ఈ బాధ్యత అలాగే ఉంది. బెంగళూరులో పౌరకార్మికుల కోసం మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే చోటు ఉన్న సువిధ క్యాబిన్లు పెట్టారు కదా. వాటిలోకి ఆటో హెల్పర్లను కూడా రానివ్వాలని అర్జీలో పేరు పెట్టి అడగండి, ఆటో తిరిగే దారిలో ఏ క్యాబిన్ దగ్గరో కూడా రాయండి. నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లకు మూత్రనాళ సమస్యలు వస్తాయి. ఇది సౌకర్యం విషయం కాదు, ఆరోగ్యం విషయం.

ఫిర్యాదు కాంట్రాక్టరు మీద మాత్రమే రాయకండి, ప్రధాన యజమానిని కూడా పేర్కొనండి. ఒకటి బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవన్‌లో ఇవ్వండి, నకలు చెత్త నిర్వహణ చూసే సంస్థకు పంపండి. ఆమె ఒక్కరే సంతకం పెడితే మరునాడు పనికి రావద్దంటారేమోనన్న భయం సహజం. ఆ ఆటోలు బయలుదేరే మస్టరింగ్ చోటు దగ్గర ఉన్న డ్రైవర్లు, హెల్పర్లు అందరితో కలిసి, లేదా సంఘం లెటర్‌హెడ్ మీద ఇవ్వడం మేలు. ఆమెకు యూఏఎన్ ఉందో లేదో, ప్రతి నెలా జమ అవుతోందో లేదో ప్రభుత్వ సేవల యాప్ అయిన ఉమంగ్‌లో ఈ వారమే చూసి, ఆగిన నెలల జాబితా రాసిపెట్టుకోండి.